సిటీ బస్సుకు ఆర్డర్ ఇవ్వడం ఎలా? రూటు నుంచి రిజిస్ట్రేషన్ దాకా

కొత్త బస్సుల కొనుగోలు ఫైలు మీ టేబుల్ మీదికి వచ్చిందా? కంపెనీల బ్రోచర్లు కాసేపు పక్కన పెట్టండి. బస్సు ఎలా ఉండాలో ముందు రూటు చెప్పాలి, తర్వాత డిపో చెప్పాలి. ఆ రెండూ చెప్పినదాన్ని మీరు స్పెసిఫికేషన్‌లోకి ఎక్కించాలి. అందులోకి ఎక్కని ప్రతి విషయాన్నీ బాడీ కట్టేవాడు తనకు చవకైన పద్ధతిలో తేల్చేస్తాడు. అతన్ని తప్పుపట్టడానికీ లేదు. టెండరు ఇచ్చింది తక్కువ ధర చూసే కదా.

ఇక్కడి లెక్కలన్నీ హైదరాబాద్ సిటీ సర్వీసులను దృష్టిలో పెట్టుకుని వేసినవి. ప్రభుత్వ వాహనాలకు 15 ఏళ్లు నిండితే రిజిస్ట్రేషన్ రద్దయ్యే నిబంధన 2023 ఏప్రిల్ 1 నుంచి అమల్లో ఉంది. ఆర్టీసీ బస్సులకూ అది వర్తిస్తుంది. కాబట్టి ఏ డిపోలో ఏ ఏడాది ఎన్ని బస్సులు తీసేయాల్సి వస్తుందో రిజిస్ట్రేషన్ తేదీలు చూసి ముందే రాసుకోండి. ఆర్డర్ ఎన్ని బస్సులకన్నది అక్కడి నుంచే మొదలవుతుంది.

మొదటి అడుగు: రూటును లెక్కల్లోకి తేవడం

ప్రతి రూటుకూ ఐదు విషయాలు కావాలి. రానుపోను ఎంత సమయం, రద్దీ గంటలో ఎక్కడ ఎక్కువ మంది ఉంటారు, అక్కడ నిలబడేవాళ్లు ఎందరు, ఎత్తుపల్లాలు ఎలా ఉన్నాయి, చివరి స్టాపులో బస్సు తిరిగే చోటు ఎంత.

సమయం లెక్క సులువు. రానుపోను 130 నిమిషాలు, రెండు చివర్లా పదేసి నిమిషాల విరామం అనుకుంటే మొత్తం 150. పది నిమిషాలకో బస్సు కావాలంటే 15 షెడ్యూళ్లు, అంటే 15 బస్సులు. దాని మీద 5 నుంచి 8 శాతం స్పేర్. స్పేర్‌ను రూటువారీగా కాకుండా డిపో మొత్తానికి లెక్కేయండి. లేకపోతే ప్రతి రూటుకూ ఒక్కో బస్సు పెరిగి ఆర్డర్ ఉబ్బిపోతుంది.

బస్సు పొడవు చివరి స్టాపును బట్టి తేలుతుంది. 12 మీటర్ల బస్సు ఒక్క ఊపులో తిరగాలంటే దాదాపు 24 మీటర్ల వ్యాసం ఉన్న ఖాళీ కావాలి. సికింద్రాబాద్ నుంచి మెహిదీపట్నం వెళ్లే 49ఎంకు ఇది సమస్య కాదు. కాలనీ లోపల గుడి ముందో, వాటర్ ట్యాంకు దగ్గరో ఆగిపోయే రూటుకు మాత్రం 9 మీటర్ల బస్సే దిక్కు. రివర్స్ చేసి తిప్పుకోవచ్చులే అని పెద్ద బస్సు వేస్తే వెనక బంపర్లు, వెనక లైట్లు నెలనెలా మార్చుకోవాల్సిందే.

బరువు లెక్కను ఎక్కువమంది వదిలేస్తారు. నిబంధనల్లో ఒక ప్రయాణికుడికి 68 కిలోలు. 36 మంది కూర్చుని, 35 మంది నిలబడి, డ్రైవర్, కండక్టర్‌తో కలిపి 73 మంది అయితే 4,964 కిలోలు. కానీ 2023 డిసెంబర్ 9న ఆడవాళ్లకు ఉచిత ప్రయాణం ఇచ్చే మహాలక్ష్మి పథకం మొదలయ్యాక సిటీ ఆర్డినరీ, మెట్రో ఎక్స్‌ప్రెస్‌లలో రద్దీ పెరిగింది. ఉదయం తొమ్మిదింటికి కొన్ని రూట్లలో వంద మంది ఎక్కడం చూస్తూనే ఉన్నారు. వంద మందంటే 6,800 కిలోలు. స్ప్రింగులు, ఎయిర్ సస్పెన్షన్ బెలోలు (గాలి సంచులు), బ్రేకు లైనింగులు, తలుపు దగ్గరి నేల ఈ బరువును తట్టుకోవాలి. కాగితం మీది 73 మందిని నమ్ముకుంటే లైనింగులు అరిగే వేగం చూసి డిపో మెకానిక్ మిమ్మల్ని తిట్టుకుంటాడు.

రెండో అడుగు: నేల ఎత్తు

సిటీ బస్సులకు కేంద్రం ఇచ్చిన అర్బన్ బస్ స్పెసిఫికేషన్ల ప్రకారం రోడ్డు నుంచి బస్సు నేలకు మూడు ఎత్తులు ఉన్నాయి: 400, 650, 900 మిల్లీమీటర్లు. ఈ ఒక్క నిర్ణయంతో సగం బస్సు తేలిపోతుంది.

400 ఉన్న లోఫ్లోర్‌లో ముసలివాళ్లు, చంటిబిడ్డలతో ఉన్నవాళ్లు తేలిగ్గా ఎక్కుతారు, చక్రాల కుర్చీ ర్యాంపు మీదుగా సాఫీగా వస్తుంది, స్టాపులో ఆగే సమయం తగ్గుతుంది. ఇబ్బంది ఏమిటంటే చక్రాల గూళ్లు బస్సు లోపలికి చొచ్చుకొచ్చి సీట్లు తగ్గుతాయి. ఎత్తుగా పోసిన స్పీడ్ బ్రేకర్లకు ముందు భాగం రాసుకుంటుంది. మలక్‌పేట రైల్వే వంతెన లాంటి చోట వాన నీళ్లు నిలిస్తే ఆ బస్సును అటు పంపలేరు. 900 ఉన్న బస్సు ఎక్కడికైనా పోతుంది కానీ మెట్లు నిటారుగా ఉంటాయి. స్టాపులో ఒక్కొక్కరికి ఒకటి రెండు సెకన్లు ఎక్కువ పట్టినా, నలభై స్టాపులున్న రూటులో ఒక ట్రిప్పుకు పోయే నిమిషాలు చిన్నవి కావు.

ప్రధాన కారిడార్లకు 400, మిగతా సిటీకి 650 పెట్టుకోవడం మంచిదని మా అభిప్రాయం. 650 ఎంచుకుంటే స్టాపులో ఒక పక్కకు వంగే నీలింగ్ సౌకర్యం, మడత ర్యాంపు తప్పనిసరని రాయండి. చక్రాల కుర్చీకి 1300 పొడవు, 750 వెడల్పు మిల్లీమీటర్ల ఖాళీ ఉండాలి. ఆ స్థలం తలుపుకు ఎదురుగా ఉండాలన్న మాటను విడిగా చేర్చండి. వెనక ఎక్కడో ఇస్తే జనం మధ్యలోంచి కుర్చీ అక్కడికి చేరదు. ఖాళీ చూపించినట్టు మాత్రం ఉంటుంది.

ఎత్తు రోడ్లకు కావాల్సిన శక్తిని కూడా ఇక్కడే తేల్చేయండి. అర్బన్ బస్ స్పెసిఫికేషన్స్-2 ప్రకారం నిండు బరువుతో 17 శాతం వాలు ఎక్కాలి, సున్నా నుంచి 30 కి.మీ. వేగం 10.5 సెకన్లలో అందుకోవాలి. బంజారాహిల్స్ వాలు మీద సిగ్నల్ దగ్గర ఆగి, నిండు బస్సుతో మళ్లీ కదలాలి. అందుకే బస్సు ఏసీ అయితే ఏసీ నడుస్తుండగానే ఈ పరీక్ష జరగాలని రాయించండి.

మూడో అడుగు: కొనే పద్ధతి

ఛాసిస్ (ఇంజిన్, చక్రాలు ఉన్న చట్రం) కొని బాడీ విడిగా కట్టించుకోవచ్చు. పూర్తిగా తయారైన బస్సు కొనుక్కోవచ్చు. అద్దెకు తీసుకోవచ్చు. కిలోమీటరుకు ఇంత అని ఇచ్చి, బస్సూ డ్రైవరూ కంపెనీవే అయ్యేలా ఒప్పందం చేసుకోవచ్చు. మీకు కావాల్సినట్టు మార్పులు చేయించుకునే స్వేచ్ఛ మొదటి పద్ధతిలో అన్నింటికన్నా ఎక్కువ, చివరి పద్ధతిలో అన్నింటికన్నా తక్కువ.

 సొంత వర్క్‌షాపులోనైనా, బయటి బిల్డర్ దగ్గరైనా ఛాసిస్ మీద బాడీ కట్టించేటప్పుడు వీల్‌బేస్‌తోనే, అంటే ముందు, వెనక చక్రాల మధ్య దూరంతోనే మొదలుపెట్టండి. 222 అంగుళాల వీల్‌బేస్ అంటే దాదాపు 5.64 మీటర్లు. వెనక చక్రం తర్వాతి భాగం వీల్‌బేస్‌లో 60 శాతానికి మించకూడదు కాబట్టి గరిష్ఠంగా 3.38 మీటర్లు. వెనక మరో వరుస సీట్లు కావాలని ఎవరైనా అడిగితే ఈ లెక్క చూపించండి. వెడల్పు 2.6 మీటర్లు దాటకూడదు.

కిలోమీటరు ఒప్పందాలు ఎక్కువగా ఎలక్ట్రిక్ బస్సులకు వస్తున్నాయి. 2022లో కేంద్ర ప్రభుత్వ రంగ సంస్థ సీఈఎస్‌ఎల్ హైదరాబాద్‌తో సహా ఐదు నగరాలకు కలిపి 5,450 బస్సులకు ఒకే టెండరు పిలిచింది. అందులో 12 మీటర్ల బస్సుకు కిలోమీటరుకు 43.49 రూపాయలు, 9 మీటర్లకు 39.21 రూపాయల ధరలు వచ్చాయి. ఎలక్ట్రిక్ వాహనాలకు సాయమిచ్చే కేంద్ర పథకం పీఎం ఈ-డ్రైవ్ కింద 2025లో హైదరాబాద్‌కు 2,000 ఎలక్ట్రిక్ బస్సులు కేటాయించారు. ఉమ్మడి టెండరులో ధర తగ్గుతుంది, స్పెసిఫికేషన్ మాత్రం అందరికీ ఒకటే. మన ఊరికి ప్రత్యేకంగా కావాల్సినవి బిడ్లు వేయకముందు జరిగే ప్రీబిడ్ సమావేశానికి ముందే లిఖితపూర్వకంగా వెళ్లకపోతే ఆ తర్వాత అదే ధరలో చేర్చే దారి లేదు. ప్రతి మార్పుకూ అదనపు ధర అడుగుతారు.

ఈ ఒప్పందాల్లో అసలు చిక్కు హామీ కిలోమీటర్ల దగ్గర ఉంది. రోజుకు 200 కి.మీ. అని సంతకం పెడితే, సగటు వేగం గంటకు 14 కి.మీ. ఉన్న రూటులో ఆ బస్సు 14 గంటలకు పైగా రోడ్డు మీదే ఉండాలి. ట్రాఫిక్ వల్ల 170 మాత్రమే తిరిగితే మిగతా 30కి కూడా ఎంతో కొంత కట్టాల్సి వస్తుంది. కాబట్టి రూట్ల సగటు వేగం చూసి సంఖ్య పెట్టండి. హామీని రోజువారీగా కాకుండా ఏడాదికి, డిపోలోని బస్సులన్నిటికీ కలిపి లెక్కించేలా రాయించండి.

నాలుగో అడుగు: బాడీ వివరాలు

సిటీ బస్సు బాడీకి వాహన ప్రమాణాల్లో (ఏఐఎస్) ఒకటైన ఏఐఎస్-052 బస్ బాడీ కోడ్, దాని తర్వాత వచ్చిన ఏఐఎస్-153 ఆధారం. కోడ్ చెప్పేది కనీస ప్రమాణమే. మీ స్పెసిఫికేషన్ పని అక్కడి నుంచి మొదలవుతుంది.

నేల సంగతి ముందు. 12 మిల్లీమీటర్ల కంప్రెగ్ (రెజిన్ పట్టించి నొక్కిన) ప్లైవుడ్, దాని మీద 3 మిల్లీమీటర్ల జారని వినైల్ షీటు అని రాస్తే సరిపోదు. నేల కుళ్లడం మొదలయ్యేది ఎప్పుడూ తలుపు దగ్గరి మెట్ల గుంటలోనే. వానాకాలంలో చెప్పుల నీళ్లు, రోజూ రాత్రి కడిగే నీళ్లు వినైల్ అంచులోంచి దిగి ప్లైవుడ్ కోసిన చెక్క అంచును పట్టుకుంటాయి. కోసిన ప్రతి అంచుకూ సీలెంట్ పూయాలి, వినైల్‌ను గోడల మీదికి కొంత ఎత్తు మడిచి అతికించాలి, మెట్ల దగ్గర అల్యూమినియం చెకర్ ప్లేటు వేయాలి, నీళ్లు పోయే రంధ్రాలు ఉండాలి. ఈ నాలుగూ విడివిడి వాక్యాలుగా ఉండాలి.

తర్వాత తలుపులు. ఆటోమేటిక్ తలుపు బ్రేక్‌డౌన్‌కు ప్రధాన కారణం గాలి లైన్లలోకి చేరే తేమ. ఎయిర్ డ్రయ్యర్ ఉండాలి, తలుపు సిలిండరు డిపోలోనే విప్పి బిగించేలా ఉండాలి. తలుపు తెరిచి ఉంటే బస్సు కదలని ఇంటర్‌లాక్ కూడా అడగండి. ఫుట్‌బోర్డు ప్రయాణం ఆపాలంటే కండక్టర్ కేకల కన్నా ఇదే పనిచేస్తుంది. అయితే రద్దీలో తలుపు మూయలేక డ్రైవర్ దాన్ని తీసేయించే ప్రయత్నం చేస్తాడు. అందుకే స్విచ్చుకు సీలు వేయమనాలి. అత్యవసరంగా తలుపు తెరిచే పిడి లోపలా బయటా రెండు వైపులా ఉండాలి.

సీట్ల అమరికలో ఆశపడొద్దు. ఒక్కో వరుసకు 25 మిల్లీమీటర్లు తగ్గిస్తే పది వరుసలకు పావు మీటరు మిగులుతుంది. దాంతో ఒక వరుస కూడా రాదు, అందరి మోకాళ్లు మాత్రం ముందు సీటుకు తగులుతాయి. నిలబడే చోటు పెంచాలంటే ముందు తలుపు వెనక కొన్ని సీట్లను గోడ వెంట పొడవుగా వేయించండి. అలా వేస్తే బ్రేకు పడినప్పుడు కూర్చున్నవాళ్లు పక్కకు జారతారు. అందుకే ప్రతి రెండు సీట్లకూ ఒక నిలువు కమ్మీ కావాలి. కమ్మీలకు కొట్టొచ్చినట్టు కనిపించే పసుపు రంగు వేయించండి, చూపు తగ్గినవాళ్లకు అదే ఆధారం. పై కమ్మీకి వేలాడే పట్టీలు లేకపోతే పొట్టిగా ఉన్నవాళ్లకు అందదు. మన బస్సుల్లో నిలబడేవాళ్లలో ఎక్కువమంది ఆడవాళ్లన్నది గుర్తుంచుకోండి.

వైరింగ్ మీద రాజీ వద్దు. బస్సు వచ్చిన ఏడాదికి ఎవరో కెమెరా పెడతారు, ఇంకొకరు స్పీకరు పెడతారు. ప్రతిదానికీ ఉన్న తీగకే కొత్త తీగ కలిపి టేపు చుడతారు. మంటలకు ఇలాంటి అతుకులే దారి. స్పెసిఫికేషన్‌లోనే కనీసం ఐదు ఖాళీ ఫ్యూజులు, కనెక్టర్ దాకా లాగిన స్పేర్ తీగలు అడగండి. ఇంజిన్ గదిలో మంటను పసిగట్టి ఆర్పే వ్యవస్థకు ప్రమాణం ఏఐఎస్-135. ట్రాకింగ్ పరికరం, పానిక్ బటన్లకు ఏఐఎస్-140. ట్రాకింగ్ డేటా మీ సర్వర్‌కు నేరుగా రావాలని, డేటా ఏ పద్ధతిలో వస్తుందో చెప్పే ప్రోటోకాల్ పత్రాలు మీకు అప్పగించాలని కూడా రాయండి. లేకపోతే కంపెనీ మారిన రోజు మీ యాప్‌లో బస్సులు కనిపించవు.

రంగుల గురించి ఎక్కువ చెప్పనక్కర్లేదు. పెయింట్ కోడ్ నంబరు ఇవ్వండి, చాలు. ప్రకటనల స్థలం మాత్రం డ్రాయింగ్‌లోనే గుర్తించండి. అద్దాల మీద వెలుగును అడ్డుకునే ఫిల్మ్ అంటించడం నిబంధనలకు విరుద్ధం.

డెస్టినేషన్ బోర్డు: తెలుగు అక్షరం పట్టాలి

దీన్ని చిల్లర విషయం అనుకుంటారు. ప్రయాణికుడు బస్సులో మొదట చూసేది దీన్నే. ఇంగ్లిష్‌కు 16 వరుసల ఎల్‌ఈడీ సరిపోతుంది. తెలుగుకు పైన గుణింతం, మధ్యలో అక్షరం, కింద వత్తు, మూడు అంతస్తులు కావాలి. 16 వరుసల్లో ఒక్కో అంతస్తుకు ఐదు చుక్కలే దక్కుతాయి. 'ఉప్పల్'లో ప వత్తు, 'సికింద్రాబాద్'లో ర వత్తు ముద్దలైపోతాయి. కనీసం 24 వరుసలు అడగండి, 32 అయితే యాభై అడుగుల నుంచి నిశ్చింతగా చదవొచ్చు.

రెండో సమస్య కంట్రోలర్‌ది. చాలా కంట్రోలర్లకు తెలుగు అక్షరాలను కలిపి చూపడం రాదు. వత్తు విడిపోయి పక్కన పడుతుంది, పొల్లు ఎక్కడో తేలుతుంది. పరిష్కారం ఏమిటంటే ఊరి పేర్లను అక్షరాలుగా కాకుండా చిత్రాలుగా లోడ్ చేయించడం. అన్ని రూట్ల పేర్ల చిత్రాలు మీ దగ్గరే ఉండాలి, కొత్త రూటును డిపోలోనే పెన్‌డ్రైవ్‌తో ఎక్కించగలగాలి. ఉర్దూ కూడా చూపిస్తున్నారు కాబట్టి కదిలే బోర్డులో ఉర్దూ మాటలు ఎడమ నుంచి ప్రవేశించి కుడివైపు సాగాలి. తెలుగుతో పాటు అటే లాగితే చదివేవాడికి మాట చివరి నుంచి కనిపిస్తుంది. రూటు నంబరు మాత్రం ఎప్పుడూ కదలకూడదు. 10హెచ్ అన్నది ఎడమ పక్క స్థిరంగా ఉండి, పేర్లు మాత్రమే మూడేసి సెకన్లకు భాష మారుతుండాలి. వెనక, పక్కన కూడా బోర్డు కావాలి. పక్క బోర్డు ముందు తలుపు దగ్గరే ఉండాలి. రాత్రి వెలుగు దానంతటదే తగ్గాలి, లేకపోతే ఎదుటి వాహనదారుడి కళ్లు చెదిరిపోతాయి.

ఎలక్ట్రిక్ అయితే, బస్సు కన్నా ముందు కరెంటు

100 బస్సుల డిపో అనుకుందాం. రోజుకు 200 కి.మీ., కిలోమీటరుకు 1.2 యూనిట్లు అయితే 24,000 యూనిట్లు. ఛార్జింగ్‌లో పోయే పది శాతం కలిపితే 26,400. రాత్రి 11 నుంచి ఉదయం 5 దాకా ఆరు గంటల్లో ఎక్కించాలంటే సగటున 4,400 కిలోవాట్లు కావాలి. ఒక్కో బస్సుకు 264 యూనిట్లు, 120 కిలోవాట్ల గన్‌కు (ఛార్జరు నుంచి బస్సుకు తగిలించే ప్లగ్గుకు) రెండు గంటల పావు లోపే. అంటే ఒక గన్ రాత్రికి రెండు బస్సులను నింపగలదు. 50 గన్‌లు, అంటే రెండేసి గన్‌లున్న 240 కిలోవాట్ల ఛార్జర్లు 25, స్పేర్‌గా మరో రెండు.

ఇక్కడే పొరపాటు జరుగుతుంది. 25 ఛార్జర్లూ ఒకేసారి పూర్తిగా లాగితే 6,000 కిలోవాట్లు. తెలంగాణలో సాధారణ హెచ్‌టీ (అధిక వోల్టేజీ) కనెక్షన్ 1,500 కేవీఏ (దాదాపు కిలోవాటు లాంటి లోడు కొలత) దాకా 11 కేవీ మీద, 5,000 కేవీఏ దాకా 33 కేవీ మీద ఇస్తారు. ఆ పైన 132 కేవీ మాటే వస్తుంది, ఖర్చూ సమయమూ పూర్తిగా వేరు. కాబట్టి మొత్తం లోడును 4,500 కిలోవాట్ల దగ్గర కట్టేసే సాఫ్ట్‌వేర్ ఛార్జర్లతో పాటే టెండరులో ఉండాలి. విద్యుత్ పంపిణీ సంస్థకు (డిస్కమ్‌కు) దరఖాస్తు బస్సుల టెండరు కన్నా ముందు వెళ్లాలి. బస్సులు వచ్చి, కరెంటు రాక షెడ్డులో నిలబడితే వారంటీ కాలం ఊరికే కరిగిపోతుంది.

బ్యాటరీ సామర్థ్యాన్ని కొత్తగా ఉన్నప్పటి లెక్కతో అడగొద్దు. రోజుకు 240 యూనిట్లు కావాలి. బ్యాటరీలో 80 శాతమే వాడుకుంటాం, చివరి ఏళ్లకు సామర్థ్యం 80 శాతానికి దిగుతుంది. 240ని 0.8తో రెండుసార్లు భాగిస్తే 375. అంత పెద్ద బ్యాటరీ బరువు, ధర వద్దనుకుంటే మధ్యాహ్నం అరగంట ఛార్జింగ్‌కు షెడ్యూల్లో చోటివ్వండి. ఏదో ఒకటి ముందే తేల్చుకోవాలి.

టెండరు, తనిఖీలు

టెండరు పత్రంలో ధర కన్నా జాగ్రత్తగా చదవాల్సినవి ఆలస్యం జరిమానా, స్పేర్ పార్టుల హామీ. జరిమానా సాధారణంగా వారానికి అర శాతం, గరిష్ఠంగా 5 నుంచి 10 శాతం ఉంటుంది. విండ్‌షీల్డు, సైడ్ అద్దాలు, బంపరు, తలుపు రెక్క, వీటి ధరలు కూడా బిడ్‌లోనే తీసుకోండి. తర్వాత అడిగితే ఎంత చెబితే అంత.

మొదటి బస్సు, అంటే ప్రోటోటైప్, తయారవగానే సంబరపడి కొబ్బరికాయ కొట్టకండి. ఏఆర్ఏఐ, ఐక్యాట్, సీఐఆర్‌టీ లాంటి పరీక్షా సంస్థ ధ్రువపత్రం ఉన్నా మీ పరీక్ష మీరు చేయాలి. 68 కిలోల చొప్పున ఇసుక బస్తాలు నింపి వాలు మీద ఆపి కదిలించండి. కనీసం పావుగంట నీళ్లు కొట్టి కారుతోందేమో చూడండి, ముఖ్యంగా రూఫ్ హ్యాచ్, విండ్‌షీల్డు పై అంచు. తలుపును వెయ్యిసార్లు తెరిచి మూయండి. అన్నింటికన్నా ముఖ్యంగా నలుగురిని పిలవండి: ఒక డ్రైవర్, ఒక కండక్టర్, ఒక డిపో మెకానిక్, చక్రాల కుర్చీ వాడే ఒక ప్రయాణికుడు. అద్దంలో వెనక తలుపు కనిపించడం లేదని డ్రైవర్, టికెట్లు కొడుతూ నిలబడే చోటు లేదని కండక్టర్, ఫిల్టర్ మార్చాలంటే బంపరు విప్పాలని మెకానిక్ చెబుతారు. ఆ మాటలన్నీ మినిట్స్‌లోకి ఎక్కి, రెండు పక్షాలూ సంతకం పెట్టాకే మిగతా బస్సులు మొదలుకావాలి.

ఆ తర్వాత ప్రతి బ్యాచ్‌కూ మూడు దశల్లో మనిషిని పంపండి. అస్థిపంజరం పూర్తయ్యాక వెల్డింగ్, తుప్పు మందు చూడటానికి ఒకసారి. ప్యానెళ్లు మూసేముందు వైరింగ్ చూడటానికి రెండోసారి. పూర్తయ్యాక మూడోసారి. రెండో దశను వదిలేసేవాళ్లే ఎక్కువ. ప్యానెల్ మూశాక తీగ ఏ పదునైన అంచు మీదుగా పోతోందో ఎవరికీ తెలియదు.

బస్సులు డిపోకు చేరాక రిజిస్ట్రేషన్, ఆర్టీసీ బస్సులకిచ్చే జెడ్ సిరీస్ నంబరు, ఫిట్‌నెస్, పర్మిట్ మామూలుగా జరిగిపోతాయి. మెకానిక్‌ల శిక్షణ, డయాగ్నస్టిక్ లాప్‌టాప్, సర్క్యూట్ డ్రాయింగులు చేతికి అందాకే చివరి విడత చెల్లించండి. మొదటి మూడు నెలలు బ్రేక్‌డౌన్ రిజిస్టరును భాగాలవారీగా రాయించండి. ఒకే భాగం పది శాతం బస్సుల్లో పాడైతే విడివిడిగా బాగుచేయడం కాదు, బ్యాచ్ మొత్తానికి మార్చాలన్న షరతు కాంట్రాక్టులో ఉండాలి. వారంటీ గడువు కూడా ఫ్యాక్టరీ బిల్లు తేదీ నుంచి కాకుండా, బస్సు రూటులో తిరిగిన మొదటి రోజు నుంచి మొదలవ్వాలి.